నల్ల పడవ మీద తెల్ల బూడిద

ఆసుపత్రిలో ఆయాగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ పేటలో మా ఇంటికి వస్తారు. టీ తాగి, "మామ్మా, నీ పనిలో చూసిన వింతలు చెప్పు" అంటారు. వాళ్ళకి కావలసింది దయ్యాల కథలు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దయ్యాన్ని నేను చూడలేదు. అణుధూళిని మాత్రం చూశాను, అదీ పొగాకు డబ్బాలో. చూశానని కొన్నాళ్ళు గట్టిగా నమ్మాను కూడా. కాబట్టి అదే చెబుతాను.

నా చదువు మా చర్చి బడిలో నేర్చిన తెలుగు అక్షరాలు, బైబిలు కూడబలుక్కోగలిగినంత. బర్మీసు వీధిలో ఆడుకుంటూ వచ్చింది. ఈ రెండూ నోట్లో ఉండబట్టే నన్ను ఈ కేసులోకి తోశారు.

సైనిక ప్రభుత్వం దిగిపోవాలని జనమంతా రోడ్ల మీదికి వచ్చిన సంవత్సరం అది. ఆఫీసులు మూతపడ్డాయి. పేటపేటకీ కమిటీలు వెలిశాయి. తుపాకులు ఒక పూట మోగేవి, ఒక పూట ఊరుకునేవి. అంతకు ముందే దేశం చాలా ఏళ్ళుగా తలుపులు బిగించుకుని కూర్చుంది. బయటి నుంచి మందులు రావు, కబుర్లు రావు. ఆసుపత్రిలో కట్టుగుడ్డలు ఉతికి, ఉడకబెట్టి, ఆరేసి మళ్ళీ వాడేవాళ్ళం. ఆ పని నాది. వార్తలు లేవు గనక పుకార్లే తిని బతికాం. నీళ్ళ ట్యాంకులో విషం కలిపారని ఒకనాడు, ఏ దేశానిదో యుద్ధనౌక నది మొగ దగ్గర కాచుకుని ఉందని ఇంకొకనాడు. ఆ మధ్యే ఎక్కడో దూరదేశంలో అణు కర్మాగారం పేలిందని, అక్కడి పాలపొడి తాగకూడదని విని ఉన్నాం. అందువల్ల అణుధూళి అనే మాట ఆయాలకు కూడా తెలుసు. అదెలా ఉంటుందో మాత్రం ఎవరికీ తెలియదు.

అలాంటి రోజుల్లో నది అవతలి ఒడ్డున ఉన్న దలా నుంచి ముగ్గురు జాలర్లను సంపాన్ పడవలో నది దాటించి తెచ్చారు. ఇద్దరు మన తెలుగు వాళ్ళు, అన్నదమ్ములు. మూడోవాడు వాళ్ళ దగ్గర పనిచేసే బర్మా కుర్రవాడు. ముఖాలు, మెడలు, చేతులు ఎర్రగా కాలి, బొబ్బలెక్కి, కొన్నిచోట్ల చర్మం నల్లబడి ఊడుతోంది. కిటికీలోంచి ఎండ పడితే చాలు, పొయ్యిలో పెట్టినట్టు గిలగిల్లాడేవారు. బర్మా కుర్రవాడి బుగ్గలు మాత్రం గుండ్రంగా రెండు బిళ్ళలంత మేర శుభ్రంగా ఉన్నాయి. అక్కడ అతను తానాకా రాసుకున్నాడు, చెట్టు బెరడు అరగదీసి ఇక్కడ అందరూ ముఖానికి పూసుకునే గంధం.

వార్డు డాక్టరు ఒక బర్మా ఆవిడ. డాక్టరమ్మను ఇక్కడ సయామ అంటారు. మాటలు తక్కువ, అడగడం ఎక్కువ. ఏం జరిగిందని నా చేత అడిగించింది.

పెద్దవాడు చెప్పాడు. "రేత్రి దూరంగా పెద్ద ఓడ దీపాలు కనపడినాయమ్మా. తెల్లారి సూస్తే పడవంతా తెల్లటి పిండి సల్లినట్టుంది. ఉప్పనుకున్నాను. నాకితే ఉప్పు కాదు. ఎండెక్కేసరికి మొకాలు మండిపోనాయి."

"నాకావా?" అన్నాను.

"నాకకపోతే ఎలగ తెలుస్తాది మరి?"

ఆ పిండిని పొగాకు డబ్బాలో పోసి వెంట తెచ్చాడు. డబ్బా మూత తీసేసరికి నా వెనక నిలబడ్డ ఆయాలు ఒక్కరూ లేరు. నేనూ వెళ్ళిపోదామనే అనుకున్నాను. కానీ సయామ నా భుజం మీద చెయ్యి వేసి ఉంది.

ఎక్స్‌రే ఆపరేటరును పిలిపించారు. రిటైరయ్యే వయసు, నోరు ఊరుకోని మనిషి. ఆయన దగ్గర అణుకిరణాలను పసిగట్టే చిన్న యంత్రం ఉండేది. "ఇది నా కోడిపెట్ట. గింజ కనిపిస్తేనే కూస్తుంది" అంటూ వచ్చాడు. ముగ్గురి ఒంటి మీదా తిప్పాడు. ఎప్పుడూ ఉండే ఒకటీ అరా టిక్కు తప్ప ఏమీ లేదు. స్నానాలు చేయించేశాం గనక ధూళి కడుక్కుపోయి ఉంటుందని సయామ, ఆపరేటరు సమాధానం చెప్పుకున్నారు. తర్వాత డబ్బా దగ్గర పెట్టాడు. యంత్రం పెనంలో పేలాలు వేయించినట్టు టకటకమని మొదలుపెట్టింది. ఆపరేటరు యంత్రాన్ని ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ పెట్టి చూశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన జోకు వేయలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మేము వార్డు తలుపు వేసేలోపల ఆ మాట నది దాటిపోయింది. దలా నుంచి వచ్చిన చేపను ఈ ఒడ్డున బోటాటౌంగ్ రేవులో ఎవరూ ముట్టుకోవడం మానేశారు. బుట్టలు ఎలా వచ్చినవి అలాగే వెనక్కి. ఆ పడవ ఒక్కటే కాదు, ఆ ఒడ్డున బతికే వాళ్ళందరి అన్నం ఆగింది. దలా కమిటీ కూర్చుని తీర్మానించింది. ఆ పడవను అందరి ముందూ తగలబెడితే విషం పోయిందని జనం నమ్ముతారు, చేపలు కొంటారు. వాళ్ళది చెడ్డ ఆలోచన అని ఇప్పటికీ నేను అనను.

పడవ అసలు ఆ పెద్దవాడి భార్యది. వాళ్ళ నాన్న పెళ్ళినాడు చేయించి ఇచ్చింది. మొగుడికి తోడుగా వార్డులోనే ఉండిపోయిన ఆ మనిషి రోజూ నాతో కుళాయి దగ్గర కూర్చుని కట్టుగుడ్డలు ఉతికేది.

"కలప దొరికే రోజులా ఇయి? అది పోతే మళ్ళీ పడవనేది మా ఇంట ఉండదు అప్పా" అనేది. వాళ్ళ మాటలో అప్పా అంటే అక్కా అని. "ఈయన మళ్ళీ రేవులో మూటలు మోయాల. ఆ నడుంతో ఏటి మోస్తాడు?"

"ప్రాణాలున్నాయి కదే, సంతోషించు."

"ప్రాణాలుంటే రోజూ తిండెట్టాల కదా."

ఆమె ఎప్పుడూ మణికట్టు దాకా చేతులున్న బర్మా రవిక వేసుకునేది. ఉతికేటప్పుడు కూడా చేతులు పైకి మడవదు. మోచేతుల దాకా తడిసి కారుతున్నా అలాగే ఉతుకుతుంది. "మడుచుకోవే, జలుబు చేస్తుంది" అంటే, "నాకు బాగానే ఉంది" అనేది. సిగ్గరి అనుకున్నాను.

ఇక టీ కొట్టు సంగతి. ఊళ్ళో గోదాములు లూటీ అవుతున్నాయని ఆపరేటరు తన యంత్రాన్ని ఆసుపత్రిలో వదలక రోజూ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఒక సాయంత్రం కర్ఫ్యూకి ముందు సయామ, ఆయన, నేను గేటు పక్క టీ కొట్టులో ఆగాం. కరెంటు లేదు. కొట్టువాడు గ్యాసులైటు వెలిగించి మా బల్ల మీద పెట్టాడు. అక్కడ దుమ్ము ఏమైనా ఉందేమో చూద్దామని ఆపరేటరు సరదాకి యంత్రం మీట నొక్కాడు. అది టకటకమంది.

పక్క బల్లల వాళ్ళు కప్పులు వదిలేసి వీధిలో ఉన్నారు. కొట్టువాడు మాత్రం కదల్లేదు. "సయా, డబ్బులిచ్చి పరుగెత్తమనండి" అన్నాడు ఆపరేటరుతో. సయా అంటే అయ్యగారూ అని.

ఆపరేటరు యంత్రాన్ని చక్కెర డబ్బా దగ్గర పెట్టాడు, కొట్టువాడి పొట్ట దగ్గర పెట్టాడు. ఊరుకుంది. లైటు దగ్గర పెడితే కూసింది. లోపల వెలిగే గుడ్డ తిత్తి ఉంటుంది చూశారూ, మాంటిల్ అంటాం, దాని దగ్గర మరీ ఎక్కువ. ఆయన నుదురు కొట్టుకున్నాడు. ఆ తిత్తి బాగా వెలగడానికి కలిపే మందుకి కొంచెం కిరణాలిచ్చే గుణం ఉందట. ఎప్పుడో చదువుకున్నాడట, మరిచిపోయాడట.

"నేను ఇరవై ఏళ్ళుగా దాన్ని నోటితో ఊదుతున్నాను" అన్నాడు కొట్టువాడు.

"అందుకే నీ టీ అలా ఉంటుంది" అన్నాడు ఆపరేటరు. ఆయనకి మాట తిరిగి వచ్చిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సయామ పెద్దవాడి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నేను నడుమ నిలబడి మాటలు అటూ ఇటూ చేరవేశాను.

"పడవలో ఏ దీపం పెడతావు?"

"గ్యాసులైటే. కొయ్యకి ఎత్తుగా కడతాం. ఈమధ్య వొచ్చే మాంటిళ్ళు మంచి సరుకు కాదు, గాలేస్తే పొడైపోతన్నాయి."

"ఆ పొడి ఎక్కడ పడుతుంది?"

"పడవలోనే." అని ఆగాడు. ఆలోచించాడు. "ఎన్నేళ్ళనుంచి పడతందో. ఎప్పుడూ కనపడనేదు."

"ఇప్పుడెందుకు కనిపించింది?"

"పాత పలకలు తెల్లగా ఉండీవి. ఇప్పుడు నల్లగా పూసినాం కదా."

ఏం పూశారని అడిగింది సయామ. ఏటా పడవకి గుగ్గిలం కలిపిన నూనె పూస్తారు. ఆ ఏడు దుకాణాలు మూసి ఉన్నాయి. తలుపులు తెరిచి వదిలేసిన ఒక గోదాములో పీపా నల్లనూనె దొరికితే పెద్దవాడు దొర్లించుకొచ్చాడు. ఆపరేటరు వాసన ఎలా ఉంటుందని అడిగి, తల ఊపాడు. రైలు పట్టాల కింద వేసే దుంగలు చెద పట్టకుండా పూసే నూనె అది.

"పూసింది ఎవరు?" అంది సయామ.

"మా తమ్ముడు."

పక్క మంచం మీంచి తమ్ముడు తల ఎత్తాడు. "నానెక్కడ పూసినాను? నాను ఊరేగింపులో ఉన్నాను కదా. నువ్వే పూసినావనుకున్నాను."

"నాకా రెండ్రోజులు జొరం రా. లెగిసి వొచ్చి సూస్తే పూసేసి ఉంది. నువ్వని ఎంత మెచ్చుకున్నానో."

"అదే మరి, ఎందుకు మెచ్చుకుంటన్నావో నాకు తెలవక ఊరుకున్నాను."

ఇద్దరూ బర్మా కుర్రవాడి వైపు చూశారు. అతను తనకేమీ తెలియదన్నట్టు చేతులూపాడు. మంచాల కాళ్ళ దగ్గర నీళ్ళ చెంబుతో నిలబడ్డ భార్య ఆ చెంబు అక్కడే పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

నేను వెనకే వెళ్ళాను. కుళాయి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి రవిక చేతులు మోచేతుల పైకి లాగింది. వార్డులో ముగ్గురికీ ఉన్న కాలిన గాయాలే, కాకపోతే పాతబడి మానుతున్నాయి.

"నానే పూసినాను అప్పా. వాన రెండ్రోజులు తెరిపిచ్చింది. మొగోళ్ళు ఎవులూ నేరు. పూయకపోతే నెల పోతాది. ఎక్కి పూసినాను."

"ఎక్కావా?"

"ఎక్కకపోతే లోపలి పలకలు ఎలగ పూస్తాం?"

ఇది మీకు విడమరిచి చెప్పాలి. వాళ్ళలో ఆడది వల బాగుచేస్తుంది, చేప అమ్ముతుంది, పడవకి పసుపు నీళ్ళు చల్లి హారతిస్తుంది. పడవలో మాత్రం కాలు పెట్టదు. పెడితే గంగమ్మ తల్లికి కోపమని, ఆ పడవ మొగవాళ్ళను తిరిగి తేదని. ఈమె ఎక్కి పూసింది. ఆ సాయంత్రానికే చేతులు మండాయి. తల్లి తనని శిక్షించిందనుకుని నోరు మూసుకుంది. పడవ నీళ్ళలోకి వెళ్ళింది, మొగుడు కాలిపోయి వచ్చాడు. ఇక ఆమెకి సాక్ష్యం ఏం కావాలి? ఆకాశం నుంచి బూడిద పడిందని లోకమంతా అంటుంటే, ఏ దేశానిదో ఓడ మీదికి తప్పు పోతే పోనీ అనుకుంది. ఇంట్లో ఆమె అత్త ఈ పట్టింపుల్లో నిప్పులాంటి మనిషి.

"మా ఆయన్ని నానే కాల్సేసినాననుకున్నాను అప్పా" అంది.

సయామని పిలిచాను. ఆవిడ ఆ చేతులు తిప్పి తిప్పి చూసింది. "పడవ సముద్రానికి వెళ్ళక ముందే కాలిందా?" అని రెండుసార్లు అడిగించింది. ముందే అని తేలాక మాకు చెప్పింది. ఆ నూనె ఒంటికి అంటినా, దాని ఆవిరి తగిలినా, ఆ పైన ఎండ పడితే చర్మం కాలుతుంది. బర్మా కుర్రవాడి బుగ్గలను తానాకా అడ్డుపడి కాపాడింది. అది సయామకి మొదటి రోజు నుంచీ మనసులో గుచ్చుకుంటూనే ఉందట. ధూళి అయితే బుగ్గల్ని వదులుతుందా అని.

అంతలోనే దలా నుంచి మనిషి వచ్చాడు. పడవను ఆ మధ్యాహ్నమే తగలబెడుతున్నారు.

ఫెర్రీ నడవడం లేదు. సంపాన్ మాట్లాడుకుని సయామ, ఆపరేటరు, పెద్దవాడి భార్య, నేను, నలుగురం ఎక్కాం. నది మధ్యలో నేను ఆమెకి తెలివి చెప్పబోయాను. "బురదలో నిలబడి బయటి నుంచి పూశానని చెప్పవే. అంతవరకు చాలు."

"లోపల పూసి ఉంది కదా. అక్కడున్నోళ్ళు జాలర్లు అప్పా, ఆయాలు కాదు."

నేను పడవవాణ్ణి ఇంకాస్త తొందరగా తొయ్యమన్నాను.

ఒడ్డు మీద జనం. పడవ కింద ఎండుగడ్డి దోపి ఉంది. కమిటీ పెద్ద, ఒకప్పుడు బడి మాస్టారుగా చేసిన బర్మా ఆయన, మర్యాదస్తుడు. ఆయన పక్కన ఒకతను కిరసనాయిలు డబ్బాతో నిలబడి ఉన్నాడు. పడవకి ఎదురుగా బుట్ట బోర్లించుకుని దాని మీద అత్త కూర్చుని ఉంది. ఏడవడం లేదు, తిట్టడం లేదు, చూస్తోంది.

ఆపరేటరు ముందు పడవ మీద యంత్రం తిప్పాడు. లైటు దాచుకునే పెట్టె దగ్గర కూసింది. జనం వెనక్కి జరిగారు. ఆయన ఒక ఇంట్లోంచి గ్యాసులైటు తెప్పించి దాని దగ్గరా కూయించాడు. ఇంకో ఇంటి లైటు, ఇంకో ఇంటిది. అన్నీ కూశాయి. జనం మళ్ళీ ముందుకి జరిగారు, కొందరు నవ్వారు. లైటు తెచ్చిచ్చిన ఆడవాళ్ళు మాత్రం తమ లైటు వైపు అనుమానంగా చూసుకున్నారు.

మాస్టారు నవ్వలేదు. "బూడిద దీపానిదని ఒప్పుకుంటాం సయామా. మరి మనుషుల్ని కాల్చింది ఏది? నూనె అంటున్నారు. ఓడ అని వాళ్ళే చెప్పారు. సముద్రంలో ఏం జరిగిందో మీరు చూశారా? రేవులో అడిగితే నేనేం చెప్పాలి?"

"పడవకి నూనె పూసిన మనిషి సముద్రానికి వెళ్ళలేదు. అయినా కాలింది, వీళ్ళకన్నా ముందే" అంది సయామ.

"ఎవరా మనిషి?"

అదంతా బర్మీసులో నడిచింది. అత్త నా వైపు తిరిగి, "ఏటంటాది డాక్టరమ్మ? ఎవులు పూసినారంట?" అంది.

తర్జుమా నా పనే గానీ ఆ ఒక్క ముక్క నాది కాదనిపించింది. కోడలు జనంలోంచి ముందుకి వచ్చి, రవిక చేతులు పైకి లాగి, అత్త ముందు రెండు చేతులూ చాపింది.

"నానే పూసినాను అత్తా."

అత్త ఆ చేతులను ముట్టుకోకుండా చూసింది. "ఎక్కినావా?"

"ఎక్కినాను."

మన వాళ్ళలో గుసగుస బయల్దేరింది. బర్మా వాళ్ళకి అర్థం కాక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. పడవ అగ్గికి పోతుందో లేదో ఆ ముసలామె నోట్లో ఉందని మాత్రం అందరికీ తెలిసినట్టుంది, ఎందుకంటే మాస్టారు కూడా ఆమె వైపే తిరిగాడు.

"బయటేనా, లోపలా?" అంది అత్త.

"లోపలా పూసినాను."

"కొయ్య మొదలుకాడ?"

"అక్కడా."

అత్త లేచింది. పడవ చుట్టూ ఒక విడత నడిచింది. గోటితో ఒకచోట నల్లటి పూత గీకి, వాసన చూసి, చీర కొంగుకి తుడుచుకుంది.

"అంటే, మొత్తం గీకాల" అంది.

అత్త నా వైపు తిరిగి, "డాక్టరమ్మని అడుగు. పొద్దు కూకినాక, సేతులకి గుడ్డ సుట్టుకుని గీకితే కాలదు కదా?"

అడిగాను. కాలదంది సయామ, గీకాక సబ్బుతో బాగా కడుక్కోమంది.

"గంగమ్మ తల్లికి నాను సెప్పుకుంటాను" అని కోడలితో అని, అత్త డబ్బా పట్టుకున్నతని దగ్గరికి వెళ్ళింది. వచ్చీ రాని బర్మీసులో చెయ్యి చాపి, ఆ కిరసనాయిలు ఇలా ఇవ్వమంది. ఆ నూనె జిడ్డు ఉత్త నీళ్ళకి వదలదు, దీనితోనే వదులుతుందని.

కిరసనాయిలు ఎంత వెతికినా దొరకని రోజులు. కమిటీ ఎవరెవరి ఇళ్ళలోంచి పోగుచేసిందో అది. అతను మాస్టారి ముఖం చూశాడు. మాస్టారు పడవ ముఖం చూసి, ఇచ్చేయమన్నట్టు తల ఊపాడు.